నలభై ఏడో పలక

ఆ ఎండాకాలమంతా మా ముందుగదిలో నేల కనిపించలేదు. ఎటు చూసినా సుద్దముక్కతో గీసిన పార్కే. తలుపు దగ్గర గేటు, మంచం కింద రైలు, బీరువా ముందు నీళ్ల జారుడుబల్ల, కిటికీ కింద రంగులరాట్నం. అడుగు తీసి అడుగు వెయ్యాలంటే మా అమ్మాయి అనుమతి కావాలి. ఏడేళ్ల పిల్ల. ఏ మాటకైనా ఎదురు ప్రశ్న వేసి, చివరికి మన నోటితోనే ఔననిపిస్తుంది కాబట్టి ఇంట్లో దాన్ని లాయరమ్మ అంటాం. దాని తమ్ముడికి నాలుగేళ్లు. వాడికి నడక కంటే దొర్లడమే ఇష్టం, అందుకని బంతిగాడు. చెప్పినా వినే రకం కాదు గనక వాడొక్కడికే ఆ గీతల మీద దొర్లే హక్కు ఉండేది.

ఆ పార్కు నిజంగానే ఉంది. మా ఊరికి మూడు గంటల బస్సు దూరంలో కడుతున్నారు. దాని ముంగిట నిలబెట్టబోయే పెద్ద బొమ్మకి రంగులు వేసే పని మా ఊరి చివర షెడ్డులో జరుగుతోంది. నేను అక్కడ పెయింటర్ని. బడి సెలవులు అయ్యేలోగా పార్కు తెరుస్తారని, తెరిచే ముందురోజు పనివాళ్ల కుటుంబాలన్నీ వచ్చి చూడొచ్చని, ఆ రాత్రి ఉండడానికి గదులు కూడా ఇస్తారని యజమాని కబురు పంపాడు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో సరదా కోసం ఊరు దాటని సంసారం మాది. కబురు తెలిసిన సాయంత్రమే లాయరమ్మ సుద్దముక్క పట్టుకుంది.

మా ఆవిడ బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ వెనక కూర్చుంటుంది. ఏ బస్సు ఎప్పుడొస్తుందో, ఏది రద్దయిందో పొద్దస్తమానం చెప్పి చెప్పి ఇంట్లో కూడా అదే గొంతుతో జవాబిస్తుంది. వంటయిందా అని అడిగితే పది నిమిషాలు అంటుంది, సరిగ్గా పదో నిమిషానికి కంచం ముందుంటుంది. అలాంటి మనిషికి ఈ ప్రయాణం దొరికింది. తెల్లవారే మొదటి బస్సు. ఎక్కిన గంటకి బంతిగాడు కక్కుతాడు కాబట్టి వాడికి కిటికీ పక్కన సీటు, చేతిలో ఒక సంచి, వెంట రెండు జతల బట్టలు. ఒంటిగంటయ్యేసరికి వాడు ఎక్కడుంటే అక్కడే పడి నిద్రపోతాడు. ఆ వేళకి రంగులరాట్నం దగ్గరుంటే మోసుకు తిరగాలి, రైల్లో ఉంటే రైలే మోస్తుంది. అందుకని పదకొండుకి సరదాకి ఒకసారి, ఒంటిగంటకి వాడి నిద్రకి ఒకసారి రైలు ఎక్కాలి. తల్లీకూతుళ్లు నేల మీద మోకాళ్లూని ఇదంతా తేలుస్తుంటే నేను గుమ్మంలో నిలబడి నోరెళ్లబెట్టి చూసేవాణ్ణి. ఆ చిన్న బుర్రలో అంత పెద్ద రోజు ఎలా పడుతోందో నాకు అర్థమయ్యేది కాదు.

రోజుకోసారి ప్లాన్ మారేది. ఒక్కటి మాత్రం మారలేదు. గేటు దాటగానే మొట్టమొదట చూడాల్సింది నాన్న గీసిన కన్ను.

ఆ కన్ను సంగతి చెప్పాలి.

బొమ్మ ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. తెరిచేదాకా గుట్టుగా ఉంచాలని యజమాని పట్టుదల. ఫైబరుతో చేసిన పలకలు మంచమంతవి, తలుపంతవి షెడ్డుకి వచ్చేవి. వెనకాల ఒక నంబరు, దాని పక్కన ఎడమ అనో కుడి అనో రాసి ఉండేది. పలకతోపాటు ఒక కాగితం ఇచ్చేవారు, ఏ గడిలో ఏ రంగు వెయ్యాలో దాంట్లో ఉండేది. మేం వేసి ఆరబెట్టగానే లారీ వచ్చి పట్టుకుపోయేది. చాలా పలకలు తేనె రంగువి, వాటి మీద సన్నటి నల్లగీతలు. పులి అని మాలో మేమే తేల్చేసుకున్నాం. ఇంట్లో బంతిగాడు గాండ్రించడం మొదలుపెట్టాడు.

నాకు వచ్చింది ఎడమ నలభై ఏడు. మధ్యలో ఉబ్బుగా, చేతులు బార చాపినా అందనంత గుండ్రం. నిండా నలుపు, చుట్టూ తెల్లటి అంచు. కాగితం చూడగానే నా గుండె ఝల్లుమంది. అది కన్ను.

కుర్రతనంలో నేను పెద్దపెద్ద బోర్డుల మీద ముఖాలు గీసే షాపులో పనిచేశాను. అక్కడ ఒక పద్ధతి ఉండేది. ముఖం ఎవరు గీసినా సరే, కంటిలో తెల్లచుక్క మాత్రం మా గురువుగారే పెట్టాలి. ఆ చుక్క పడేదాకా బోర్డు మీద ఉన్నది రంగు, పడ్డాక మనిషి. పదకొండేళ్లు నిచ్చెన పట్టుకుని కింద నిలబడి చూశాను. నా వంతు వచ్చేలోగా ఫ్లెక్సీలు వచ్చాయి, షాపు మూతపడింది. అప్పట్నించీ గోడలకి సున్నాలు, షట్టర్లకి అక్షరాలు. నా చేత్తో ఒక్క కంటికీ చుక్క పెట్టలేదు.

ఆ కాగితంలోనూ చుక్క లేదు. అటూ ఇటూ తిప్పి చూశాను. మర్చిపోయి ఉంటారనుకున్నాను. మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక తెల్లరంగు డబ్బా తెరిచి, కుంచె ముంచి, పైన కొంచెం కుడివైపుగా ఒక్క చుక్క పెట్టాను. పెట్టి నాలుగడుగులు వెనక్కి వేశాను. అది నాకేసి చూసింది. నేను పక్కకి జరిగితే అటు చూసింది. షెడ్డులో నేనొక్కణ్ణే ఉన్నానని తెలిసినా, ఎవరో ఉన్నట్టు ఒళ్లంతా జలదరించింది. భోజనం సంగతి మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. తిరిగొచ్చిన మేస్త్రి దాన్ని చూసి మాట మధ్యలో ఆగి, కాసేపటికి తేరుకుని, ఆరనివ్వమని మాత్రం చెప్పి వెళ్లాడు. మర్నాడు లారీ దాన్ని తీసుకుపోయింది.

ఇంటికొచ్చి చెబితే లాయరమ్మ ఎంత పెద్దదని అడిగింది. చేతులతో చూపిస్తే నమ్మలేదు. చివరికి మంచం జరిపి, రైలుని, గేటుని చెరిపి, నేల మీద అసలు కొలతకి గీశాను. చుక్క కూడా పెట్టి, అదెందుకో చెప్పాను. అక్కా తమ్ముడూ ఇద్దరూ ఆ గుండ్రంలో వెల్లకిలా పడుకుంటే ఇంకా మా ఆవిడకి కూడా చోటు మిగిలింది.

ఇంక లాయరమ్మ ఆగుతుందా. మర్నాటికల్లా మా వాటాలున్న భవనంలో పై అంతస్తు నుంచి కింద అంతస్తు దాకా పిల్లలందరికీ చెప్పేసింది. పైవాటా పిల్ల మాత్రం అలాంటివి మనుషులు గీయరని, మిషన్లు గీస్తాయని, షట్టర్లకి రంగులేసే మీ నాన్న ఎలా గీస్తాడని అందట. లాయరమ్మ ఏడవలేదు. వెళ్లి చూసి, కన్ను ముందు నిలబడి ఫొటో దిగి తెస్తానని అందరి ముందూ మాట ఇచ్చి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ కన్ను నాది కాదు, దానిది.

మూడు వారాలు గడిచాయి. మా షెడ్డులో అందరికంటే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, నేను బాబాయ్ అంటాను. ఒక పొద్దున ఆయనకి ఎడమ మూడో పలక వచ్చింది. నల్లటి వెడల్పు పట్టీ, ఆ నలుపులోనే కనపడీ కనపడకుండా ఒక చిన్న గుండ్రం. బాబాయ్ కళ్లజోడు పైకి తోసుకుని కాగితాన్ని చాలాసేపు చూసి, ఇదీ కన్నులాగే ఉందేమిట్రా అబ్బాయ్ అన్నాడు. అప్పుడే పలకలు ఎక్కించుకోవడానికి వచ్చిన లారీ డ్రైవరు అక్కడే ఉన్నాడు. నంబర్లు మూతి దగ్గర మొదలవుతాయని, తోక దగ్గర యాభై రెండుతో అయిపోతాయని, అన్నీ చేరాక క్రేన్ వాళ్లు అదే వరసలో బిగిస్తారని చెప్పాడు.

ఒక పక్క మొహానికి రెండు కళ్లుండవు. మూడు మూతి దగ్గరుంటే నలభై ఏడు ఎక్కడుంటుందో తెలుసుకోవడానికి పెద్ద చదువులక్కర్లేదు.

అప్పట్నించీ నేను ప్లాన్‌లో వేలు పెట్టడం మొదలుపెట్టాను. ముందు రైలు ఎక్కి, తర్వాత రాట్నం ఎక్కి, బొమ్మ సంగతి చివర్లో చూద్దామన్నాను. ఎందుకని అడిగింది లాయరమ్మ. పొద్దున్నయితే రైలు దగ్గర రద్దీ ఉండదన్నాను. వచ్చేది పనివాళ్ల ఇళ్లవాళ్లే కదా, ఇంక రద్దీ ఎక్కణ్ణుంచి వస్తుందంది. ఇంకో రోజు ఎండకి బొమ్మ వేడెక్కి ఉంటుందన్నాను. మనం చూస్తామా, ముట్టుకుంటామా అని అడిగింది. ఓడిపోయి వెళ్లి మొహం కడుక్కున్నాను.

మా ఆవిడ ఇదంతా చూస్తూనే ఉంది. గట్టిగా అడిగేసరికి ఉన్నదంతా కక్కేశాను. ఆవిడ విసుక్కోలేదు, నవ్వలేదు.

"బస్సు రాదని తెలిశాక వస్తుందని చెప్పకూడదండీ," అంది. "ఆలస్యమైతే జనం ఊరుకుంటారు. తెలిసీ కూర్చోబెట్టారంటే మాత్రం ఊరుకోరు."

ఆదివారం పొద్దున పిల్ల పక్కన నేల మీద కూలబడ్డాను. చెరిగిపోయిన రైలుపట్టాలు మళ్లీ గీసుకుంటోంది.

"తల్లీ, అది కన్ను కాకపోవచ్చు."

సుద్దముక్క ఆగింది. "మరేంటి?"

"తెలీదు. వెనకవైపు ఎక్కడో మచ్చ అయ్యుంటుంది. నేనే పొరబడ్డాను."

అది గోడకేసి చూస్తూ ఆలోచించింది. "నువ్వు చుక్క పెట్టాక అది నీకేసి చూసిందా?"

చూడలేదని చెబితే అయిపోయేది. నోరు రాలేదు. "చూసింది."

"ఐతే కన్నే," అని మళ్లీ గీసుకోవడంలో పడింది.

నాకు బరువు దిగలేదు సరికదా, రెట్టింపయింది. నేను తప్పని తేలితే నలుగురిలో తల దించుకోవాల్సింది అది. పైవాటా పిల్ల ముందు ఏ మొహం పెట్టుకుంటుందోనన్న బెంగతో మిగిలిన రోజులు గడిపాను. పలకలు అయిపోయాయి. షెడ్డు ఖాళీ అయింది. ప్రయాణం రోజు వచ్చేసింది.

తెల్లవారుజామున బస్సెక్కాం. బంతిగాడు గంటా పది నిమిషాలకి కక్కాడు. మా ఆవిడ వాచీ చూసుకుని, బస్సు నెమ్మదిగా పోతోందంది. లాయరమ్మ దారిపొడవునా ఒళ్లో ప్లాన్ కాగితం పెట్టుకుని నిటారుగా కూర్చుంది. నేను కిటికీలోంచి చూస్తూ ఏ పొలాలు వచ్చాయో, ఏ ఊళ్లు పోయాయో గమనించలేదు.

గేటు దాటి నాలుగడుగులు వేశాం. అక్కడితో నలుగురి కాళ్లూ ఆగిపోయాయి.

అది పులి కాదు, చేప. నాలుగంతస్తుల ఎత్తు చేప, నీళ్ల మీద ఇనపస్తంభాలపైన అడ్డంగా తేలుతోంది. నేను మంచమంత పలకల మీద వంగి గంటలకొద్దీ గీసిన గీతలు అక్కడ వెంట్రుకల్లా కనిపిస్తున్నాయి. ఆ తేనె రంగు మీద ఎండపడి నీళ్లు పచ్చగా వెలుగుతున్నాయి, ఎదురుగా నిలబడ్డవాళ్ల మొహాలు పచ్చగా వెలుగుతున్నాయి. ఇరవైమందిమి ఒక షెడ్డులో వంగి కూర్చుని, ఒకడి పని ఒకడికి తెలియకుండా చేసింది ఇదా అని నాకు ఊపిరాడలేదు. రెండు నెలలు గాండ్రింపు సాధన చేసిన బంతిగాడు నోరు తెరిచాడు గానీ శబ్దం రాలేదు.

వచ్చినవాళ్లందరూ ఒక చివరే గుమిగూడి ఉన్నారు. అక్కడ నా పలక ఉంది. అంత ఎత్తు నుంచి అది జనాన్ని చూస్తోంది. లాయరమ్మ ఎవరినీ అడక్కుండా తిన్నగా వెళ్లి దాని కింద నిలబడింది. ఫొటో తియ్యడానికి నేను ఫోను ఎత్తాను.

"అక్కా, మూతేదీ?" అన్నాడు బంతిగాడు.

కంటి కింద మూతి లేదు. పక్కన ఉన్నది తోక. మూతి అటు చివర ఉంది, దానికి కాస్త వెనకగా నల్లటి పట్టీ, ఆ పట్టీలో వెతికితే గానీ దొరకని బాబాయ్ గీసిన గుండ్రం. లాయరమ్మ ఆ చివర చూసింది, ఈ చివర చూసింది, తర్వాత నా మొహం చూసింది. ప్రశ్న వెయ్యలేదు. పుట్టి బుద్ధెరిగాక అది ప్రశ్న వెయ్యకుండా నాకేసి చూడడం అదే మొదలు.

ఆ బొమ్మకి రూపం కట్టిన మేడమ్ అక్కడే ఉంది. సన్నగా, ఎండకి టోపీ పెట్టుకుని, అందరికీ విడమరిచి చెబుతోంది. ఇలాంటి చేపలు సముద్రంలో నిజంగానే ఉంటాయట, అరచేతిలో పట్టేంత. అసలు కంటిని నల్లపట్టీలో దాచుకుని, తోక దగ్గర దొంగ కన్ను ఒకటి పెట్టుకుంటాయట. పెద్ద చేప అదే తల అనుకుని మీదపడేలోగా ఇది రెండోవైపుకి జారుకుంటుందట. పెద్ద చేపలతో పాటు నేనూ మోసపోయానని అర్థమై చెవులు వేడెక్కాయి.

అంతలో ఆవిడ మేస్త్రి వైపు తిరిగి, ఎడమ నలభై ఏడు ఎవరు చేశారని అడిగింది. తన కాగితంలో తెల్లచుక్క లేదని, అది ఎవరు పెట్టారో తెలియాలని అంది. మేస్త్రి నాకేసి చూశాడు. బాబాయ్ నేల చూపులు చూశాడు. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యనివాడికి మళ్లీ పని ఎవరిస్తారు.

లాయరమ్మ చెయ్యెత్తింది. "మా నాన్నండీ. చుక్క కూడా మా నాన్నే పెట్టాడు."

మేడమ్ దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"పొద్దున్నుంచీ ఇక్కడే నిలబడి చూస్తున్నానండీ," అంది. "వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా తలవైపు వెళ్లలేదు. నేను గీసింది మచ్చ. మీ చేతిలో అది కన్నయింది. రెండోవైపుది ఇంకా మచ్చగానే ఉంది. రేపు గేట్లు తెరుస్తారు, ఇప్పుడు పెట్టగలరా?"

పిల్లల రోజు ఇది. పదకొండు కావస్తోంది, రైలు వేళ. నేను మా ఆవిడకేసి చూస్తే ఆవిడ కూతురికేసి చూసింది. లాయరమ్మ ప్లాన్ కాగితం తీసి తల్లి చేతిలో పెట్టింది.

"రైలు కొట్టెయ్ అమ్మా."

మా ఆవిడ పెన్ను తీసి రైలు కొట్టేసింది. తర్వాత అడక్కుండానే దాని కింద ఉన్నవి కూడా కొట్టేసింది.

మనిషిని బుట్టలో నిలబెట్టి పైకెత్తే యంత్రం ఒకటి ఉంది అక్కడ. తెల్లరంగు డబ్బా, కుంచె పట్టుకుని ఎక్కాను. చేపకి అవతలివైపు నెమ్మదిగా లేచింది బుట్ట. కింద జనమంతా చుట్టూ తిరిగి ఇటువైపుకి వచ్చారు. పైకెళ్లేకొద్దీ గాలి పెరిగింది, చొక్కా రెపరెపలాడింది. కుడి నలభై ఏడు ఎదురుగా వచ్చి ఆగింది. ఇంకెవరో పెయింటరు కాగితంలో ఉన్నది ఉన్నట్టు, ఎక్కడా వంక పెట్టడానికి లేకుండా చేశాడు. నల్లగా, పెద్దగా, నూతిలోకి చూస్తున్నట్టుంది. బుట్ట నడిపే అతను ఇంజను ఆపేశాడు.

గురువుగారు చుక్క పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టేవారు, కింద నిలబడ్డ నాకు ఆ సంగతి తెలిసేది. నేనూ బిగబట్టాను. కుంచె ఒక్కసారి తిప్పి తీశాను.

చుక్క పెట్టాక వెనక్కి అడుగు వెయ్యకపోతే అది పడిందో లేదో తెలియదు. బుట్టలో వెనక్కి వెయ్యడానికి చోటు లేదు. నా ముందు ఉన్నది చేతికందే నలుపు, దాని మీద తడి తెలుపు, అంతే. అందుకని కిందికి చూశాను.

ఒకావిడ పక్కకి జరిగి తలెత్తి చూసి, మళ్లీ ఇటు జరిగి చూసింది. బాబాయ్ కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నాడు. మా ఆవిడ కొట్టేసిన కాగితాన్ని గుండెకి హత్తుకుని నిలబడిపోయింది. లాయరమ్మ నోరు తెరుచుకుని ఉంది, అందులోంచి ప్రశ్న ఏదీ రావడం లేదు.

బంతిగాడు నిటారుగా రెండు కాళ్ల మీద నిలబడ్డాడు. తలెత్తి చూసి, మెల్లగా చెయ్యి ఊపాడు. నేనూ బుట్టలోంచి చెయ్యి ఊపాను. వాడు మళ్లీ ఊపాడు. నేను రెండు చేతులూ ఊపాను.

వాడు నన్ను చూడనేలేదు. నా పక్కనున్న కంటికి చెయ్యి ఊపుతున్నాడు.